అమ్మ మోకాళ్ళకి సరిపోయే దారి

ఇండియా నుంచి అమ్మలు, అత్తగార్లు వచ్చే రోజులివి. మొదటి రెండు వారాలు లండన్, గుడి, షాపింగ్ అంటూ సందడిగా గడిచిపోతాయి. ఆ తర్వాత మన స్కూలు పరుగులు, వంటలు మనవి. వాళ్ళకి మాత్రం కిటికీ దగ్గర కుర్చీ మిగులుతుంది. పోయిన ఏడాది మా ఇంట్లో అదే జరిగింది. అందుకే ఈ నెల నడక గురించి రాస్తున్నాను.

మేముండేది షెఫీల్డ్‌లో. ఊరు దాటగానే పీక్ డిస్ట్రిక్ట్ మొదలవుతుంది. 1951లో ఈ దేశంలో ఏర్పడిన మొదటి నేషనల్ పార్క్ ఇదే. అమ్మ మే నెలలో వచ్చింది. జూన్‌లో ఒక ఆదివారం మావారు ఉత్సాహంగా గ్రిండిల్‌ఫర్డ్ స్టేషన్ నుంచి ప్యాడ్లీ గోర్జ్ మీదుగా లాంగ్‌షా ఎస్టేట్‌కి నడుద్దామన్నారు. ఫోటోల్లో వాగు, పాత ఓక్ చెట్లు ఎంతో బాగున్నాయి. కానీ అది ఎక్కుడు దారి. అడుగడుక్కీ రాళ్ళు, వేళ్ళు. సగంలోనే అమ్మ మోకాలు పట్టేసింది. పైకి ఎక్కలేదు, కిందికి దిగలేదు. ఎవరో ఇద్దరు ఇంగ్లీషువాళ్ళు చెరో చెయ్యి పట్టుకుని మెల్లగా దింపారు.

ఇంటికొచ్చేదాకా అమ్మ నోరు విప్పలేదు. ఆ తర్వాత ఎక్కడికి పిలిచినా ఒకటే మాట. "నా వల్ల మీకు ఇబ్బందెందుకే, మీరు వెళ్ళి రండి." పార్కుకి కూడా రానంది. తప్పు అమ్మ మోకాలిది కాదు, దారి చూసుకోకుండా తీసుకెళ్ళిన మాది. అయినా సిగ్గుపడింది మాత్రం అమ్మే. అది నన్ను చాలా రోజులు బాధపెట్టింది.

ఒక బుధవారం పాపని స్కూల్లో దింపి, నేనొక్కదాన్నే కాసిల్టన్ వెళ్ళే బస్సెక్కి ఫాక్స్ హౌస్ దగ్గర దిగాను. పెళ్ళయ్యాక ఒంటరిగా ఊరు దాటడం అదే మొదటిసారి. దారి చదునుగా ఉందా, కూర్చోడానికి చోటుందా, బాత్రూమ్ ఎంత దూరం, ఈ మూడూ చూసుకుందామని వెళ్ళాను. రెండు దారులు దొరికాయి.

మొదటిది లాంగ్‌షాలోనే. కార్ పార్కు దగ్గర నుంచి లాడ్జ్, అక్కణ్ణుంచి చెరువు వైపు నడక. లాడ్జ్ దగ్గరే కేఫ్, బాత్రూములు ఉన్నాయి. నేషనల్ ట్రస్ట్ సభ్యత్వం లేకపోతే పార్కింగ్‌కి డబ్బు కట్టాలి గానీ, నడవడానికి టికెట్ లేదు. కొత్తగా వెళ్ళేవాళ్ళు ఇక్కడ మొదలుపెట్టండి.

రెండోది బర్బేజ్ లోయలో అప్పర్ బర్బేజ్ బ్రిడ్జ్ నుంచి ఫాక్స్ హౌస్ దాకా, సుమారు 3 కిలోమీటర్లు. ఒకప్పుడు డ్యూక్ గారి గుర్రపు బండ్ల కోసం వేసిన వెడల్పాటి దారి. బ్రిడ్జ్ వైపు నుంచి మొదలుపెడితే మెల్లగా వాలుగా దిగుతుంది. ఒకరు కారుని అటు చివరకి తీసుకెళ్ళి పెడితే వెనక్కి నడవక్కర్లేదు. దారిలో బాత్రూములుండవు. కూర్చోడానికి బండలే గతి.

ఆగస్టు మొదట్లో అమ్మని బతిమాలి బర్బేజ్ తీసుకెళ్ళాను. "పది నిమిషాలు నడుద్దాం, వద్దంటే వెనక్కి వచ్చేద్దాం" అన్నాను. చీర మీద స్వెటరు, కాళ్ళకి నా స్పోర్ట్స్ షూస్. కారు దిగి చుట్టూ చూసి, "ఇదేంటే, బీడు చూపించడానికి ఇంత దూరం తెచ్చావా?" అంది.

నవ్వొచ్చింది. నిజమే, మూర్‌ల్యాండ్ మొదటి చూపుకి బీడులాగే ఉంటుంది. చెట్టుండదు, చేనుండదు. గాలి, గడ్డి, రాళ్ళు. ఒంగోల్లో బి.జడ్.సి. చదివిన నేను ఇన్నేళ్ళలో ఆ చదువుని పాప హోంవర్క్‌కి తప్ప దేనికీ వాడలేదు. ఆ రోజు అమ్మకి పాఠం చెప్పాను. తడి నేలలో పెరిగే స్ఫాగ్నం అనే నాచు తన బరువుకి 20 రెట్ల దాకా నీళ్ళు పట్టి ఉంచుతుంది. అది చచ్చినా పూర్తిగా కుళ్ళదు, పొరలు పొరలుగా పేరుకుని పీట్ అనే నల్లమట్టి అవుతుంది. అలా పేరుకునేది ఏడాదికి ఇంచుమించు ఒక మిల్లీమీటరే. అంటే ఒక మీటరు లోతు పీట్‌కి దాదాపు వెయ్యేళ్ళు. గాలిలోకి పోవాల్సిన కార్బన్‌ని అది అన్నేళ్ళూ లోపలే దాచిపెడుతుంది.

"అయితే బీడు కాదన్నమాట, నీళ్ళ కుండ" అంది అమ్మ.

దారి పక్కన హెదర్ ఊదారంగులో విచ్చుకుంటోంది. దాని కుటుంబానికే చెందిన బిల్‌బెర్రీ పొదల్లో పళ్ళు నల్లగా మెరుస్తున్నాయి. నాకు కచ్చితంగా తెలిసిన పండు కాబట్టి నాలుగు కోసిచ్చాను. అమ్మ తిని నాలుక బయటపెట్టి, "నేరేడుపళ్ళు తిన్నట్టయిందా?" అని పాపని అడిగింది. ఇద్దరి నాలుకలూ నీలమే.

కాసేపయ్యాక అమ్మ గొంతు తగ్గించి, "ఇది ఎవరి స్థలం? ఎవరైనా కేకలేస్తారేమోనే" అంది. మనలో చాలామందికి ఈ బెరుకుంటుంది. పైకి అనం, అంతే. ఒకప్పుడు నిజంగానే కేకలేసేవాళ్ళు. ఈ లాంగ్‌షా డ్యూక్ ఆఫ్ రట్లండ్ వేటభూమి. 1920ల చివర్లో అమ్మకానికి వస్తే షెఫీల్డ్ జనం చందాలు పోగుచేసి కొన్నారు. 1931లో నేషనల్ ట్రస్ట్‌కి అప్పగించారు. మరుసటేడు ఏప్రిల్‌లో ఇదే పీక్ డిస్ట్రిక్ట్‌లోని కిండర్ స్కౌట్ కొండమీద నడిచే హక్కు కోసం వందలమంది నిషేధాన్ని కాదని నడిచారు. ఐదుగురు జైలుకెళ్ళారు. ఈ కథ చెప్పి, "అంత కష్టపడి సంపాదించిన దారమ్మా, చీర కట్టుకున్నవాళ్ళూ నడవచ్చు" అన్నాను. అమ్మ ఇంకేం అనలేదు గానీ, ఎదురొచ్చిన వాళ్ళందరికీ "హలో" చెప్పడం మొదలుపెట్టింది.

రెండుసార్లు బండల మీద కూర్చుని, పెరుగన్నం తిని, ఫాక్స్ హౌస్ దాకా మొత్తం నడిచింది.

మీరు వెళ్ళేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. గాలికి గొడుగు నిలవదు, రెయిన్‌కోటు పెట్టుకోండి. ఫోన్ సిగ్నల్ అన్నిచోట్లా ఉండదు, మ్యాప్ ఫోటో ముందే తీసుకోండి. గడ్డిలో పిడుదులుంటాయి. ప్యాంటు సాక్సులోకి దోపి, ఇంటికొచ్చాక పిల్లల ఒళ్ళు చూడండి. పిడుదు పట్టుకుంటే సన్నటి ట్వీజర్స్‌తో చర్మానికి దగ్గరగా పట్టి మెల్లగా లాగేయాలి. తర్వాత ఎర్రటి వలయంలా దద్దురు వస్తే డాక్టరుకి చూపించండి. మార్చి నుంచి జులై దాకా నేలమీద గూళ్ళు కట్టే పక్షులు పొదుగుతుంటాయి, పిల్లల్ని దారి మీదే నడవమనండి. బార్బెక్యూ మాత్రం అస్సలు వద్దు. పీట్ ఎండితే అంటుకుంటుంది, నేల లోపల రోజుల తరబడి రగులుతుంది. పులిహోర, ఫ్లాస్కులో టీ చాలు.

అమ్మ అక్టోబరులో ఇండియా వెళ్ళిపోయింది. మొన్న ఫోన్లో మందులు, చుట్టాల కబుర్లు అయ్యాక అడిగింది: "ఏమే, మన బీట్లో పూలు పూశాయా?"

ఇంకా లేదమ్మా, ఆగస్టులో పూస్తాయి అన్నాను. మీ ఇంట్లో కిటికీ దగ్గర ఎవరైనా కూర్చుని ఉంటే, ముందు మీరొక్కరే వెళ్ళి దారి చూసి రండి. వచ్చే నెల మళ్ళీ కలుద్దాం.