బడి డబ్బు... మన లెక్క!

గుంటూరు యార్డులో క్వింటా మిరప ధర ఎంత పలికిందో తెలిస్తే చాలు, పల్లెలో ఏడో తరగతి పిల్లాడు నోటితోనే లెక్క కట్టేస్తాడు. ఎన్ని టిక్కీలు, మొత్తం ఎన్ని కిలోలు, కమీషనూ హమాలీ పోను నాన్న చేతికి ఎంతొస్తుంది... కాగితం కూడా అక్కర్లేదు. అదే పిల్లాణ్ని తరగతిలో లేపి శాతాల లెక్క అడగండి. తల గోక్కుంటాడు!

తప్పు పిల్లాడిది కాదు. పుస్తకంలో 'ఒక వ్యాపారి' ఎవరో, అతనికి లాభమొస్తే తనకేంటో వాడికి తెలియదు. యార్డుకెళ్లిన మిరప మాత్రం వాళ్లది. మరి బడిలోనూ అలాంటి సొంత లెక్క ఉంటే? ఉంది. బడికి వచ్చే డబ్బు!

ఒక్కరు చేరితే పాతిక వేలు

సుద్దముక్కలు, కరెంటు బిల్లు, తాగునీరు, చిన్నచిన్న మరమ్మతులు... వీటి కోసం సమగ్ర శిక్ష కింద సర్కారు బడులకు ఏటా కాంపోజిట్ గ్రాంటు ఉంటుంది. పిల్లలు 30 దాటి వంద వరకూ ఉంటే రూ.25 వేలు. వంద దాటి 250 వరకూ రూ.50 వేలు. ఆపైన వెయ్యి వరకూ రూ.75 వేలు. ఈ మూడు ముక్కలూ బోర్డు మీద రాస్తే వారానికి సరిపడా పాఠం సిద్ధం.

వందమంది ఉన్న బడిలో తలా ఎంత? రూ.250. ఇంకొక్కరు చేరితే? రూ.495! అదే 250 మంది ఉంటే రూ.200కి పడిపోతుంది. 'ఇదేం న్యాయం సార్?' అని ఎవరో ఒకరు అడక్క మానరు. 'నలభై మంది ఉన్నా నాలుగొందల మంది ఉన్నా గేటుకి తాళం ఒకటేగా' అని ఇంకొకరు అంటారు. నిష్పత్తి పాఠం చర్చగా మారేది అక్కడే. ఈ గ్రాంటులో కనీసం 10 శాతం పరిశుభ్రతకే వాడాలన్నది నిబంధన. అంటే యాభై వేలలో అయిదు వేలు. సమగ్ర శిక్షలో కేంద్రం, రాష్ట్రం వాటా 60:40. అంటే ముప్ఫై వేలు, ఇరవై వేలు. శాతాలూ నిష్పత్తులూ అయిపోయాయి!

ఒంగోలు నుంచి సగటు

సగటు చెప్పాలా? ప్రకాశం జిల్లా పిల్లలకు సొంతూరి ఉదాహరణే ఉంది. 2019 నవంబరు 14న 'మన బడి నాడు-నేడు' మొదలైంది ఒంగోలులోనే. తొలి విడతలో 15,715 బడులకు సుమారు రూ.3,669 కోట్లు. భాగిస్తే బడికి సగటున రూ.23 లక్షల పైచిలుకు. అలాగని ప్రతి బడికీ అంతే అందిందా? లేదు. ఒక చోట గదులు కావాలి, ఇంకో చోట మరుగుదొడ్లు. సగటు ఏం చెబుతుందో, ఏం దాచిపెడుతుందో ఇంతకన్నా తేలిగ్గా ఎలా చెప్పగలం?

2025లో 'తల్లికి వందనం' వచ్చింది. విద్యార్థికి కేటాయించిన రూ.15 వేలలో తల్లి ఖాతాకి 13 వేలు, బడుల నిర్వహణకు 2 వేలు. 67.27 లక్షల మంది పిల్లలకు రూ.8,745 కోట్లు అని పేపర్లో వచ్చింది. నిజమేనా? పిల్లలే గుణించి చూసుకోవచ్చు. సరిపోతుంది!

అమెరికాలోని షికాగోలో ఎరిక్ గట్‌స్టెయిన్ అనే ఆచార్యుడు ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు తమ చుట్టూ ఉన్న సమాజపు లెక్కలతోనే గణితం నేర్పారు. 2006లో ఆ అనుభవాలతో పుస్తకమూ రాశారు. మన దగ్గర అందుకు కావలసిన సరుకుకు కొదవలేదు. ప్రతి బడికీ 11 అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది. మనవైతే 28తో మొదలవుతాయి. దాని సాయంతో పిల్లల సంఖ్య, గదులు, టీచర్ల వివరాలు ఇంటర్నెట్‌లో చూడొచ్చు.

ఇదంతా ఎవరి తప్పో పట్టడానికి కాదు. విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో ముప్పావు వంతు తల్లిదండ్రులే. సభ్యుల్లో సగం మంది మహిళలు. పత్తి తీతకు వెళ్లొచ్చి సాయంత్రం కమిటీ కాగితాల మీద సంతకం పెట్టే అమ్మకు, ఆ అంకెలేమిటో కూతురే చదివి చెప్పగలిగితే? అంతకు మించిన పరీక్ష ఏముంటుంది!

మిగిలిన బియ్యం

ఇక చివరి లెక్క. మధ్యాహ్న భోజనంలో ఆరు నుంచి ఎనిమిది తరగతుల వారికి తలకు 150 గ్రాముల బియ్యం. ఆ తరగతుల్లో 60 మంది ఉంటే రోజుకి 9 కిలోలు. మిరప కోతలు మొదలయ్యాక ఒకరోజు 6.3 కిలోలే పట్టిందనుకుందాం. 2.7 కిలోలు మిగిలింది. దాన్ని 150 గ్రాములతో భాగిస్తే?

పద్దెనిమిది.

అది బియ్యం లెక్క కాదు. ఆ పూట బడిలో లేని పిల్లల లెక్క. అమ్మానాన్నల వెంట వలస వెళ్లిన వారి కోసం సమగ్ర శిక్షలో సీజనల్ హాస్టళ్లకు వీలుంది. కానీ ముందు ఎంతమంది రావట్లేదో ఎవరో ఒకరు లెక్కపెట్టాలి. పక్క బెంచీ ఖాళీ అయిందని పెద్దలకన్నా ముందు తెలిసేది ఏడో తరగతి పిల్లలకే. ఆ జవాబును నోటుబుక్కులో కొట్టివేత లేకుండా రాసి, మాస్టారి బల్ల మీద పెడితే చాలు. ఆ తర్వాతి లెక్క పెద్దలు చేయాల్సింది!