గోడమీద రాత, కంచంలో మెతుకు



గత క్రిస్మస్‌కు రెండు వారాల ముందు మా దేవాలయపు ప్రహరీగోడకు సున్నం వేయించాం. వీధివైపు గోడ తెల్లగా కనబడితే ఊరుకోబుద్ధి కాదు గదా! దానిమీద ఒక వాక్యం రాయించి, పక్కనే నక్షత్రాన్ని, మందను కాచుకొనే గొల్లలను వేయించాలని సంఘపెద్దలు తీర్మానించారు. ఈ రోజుల్లో అందరూ ఫ్లెక్సీలు కట్టిస్తున్నారు. అవి ఒక్క పూటలో తయారవుతాయి, ఒక్క గాలివానకు చిరిగిపోతాయి. మాకు ఆ అవసరం లేదు. గోడమీద కుంచెతో రాయగల సహోదరుడు దేవుని దయవలన మా సంఘంలోనే ఉన్నాడు.

ఒకప్పుడు చుట్టుపక్కల ఊళ్లలో ఎరువుల ప్రకటనలు, సిమెంటు ప్రకటనలు, ఎన్నికల గుర్తులు అన్నీ ఆయన చేతి రాతే. ఫ్లెక్సీలు వచ్చాక పని తగ్గిపోయింది. తర్వాత బడి గోడలమీద బొమ్మలు వేయించడం మొదలైనప్పుడు మళ్లీ కొంచెం పని దొరికింది. హైదరాబాదులో మక్తా బస్తీ ఇళ్ల గోడలమీద 2016లో చిత్రకారులు పెద్ద పెద్ద బొమ్మలు వేశారని విని, ఏదో పనిమీద వెళ్లినప్పుడు బస్సు దిగి మరీ చూసి వచ్చాడు. "అయ్యగారూ, గోడకు మళ్ల మంచి రోజులొచ్చినయ్" అని నాతో సంతోషంగా చెప్పాడు.

గోడమీద రాత చిన్న సంగతి కాదు. అక్షరాలు రాని మన పెద్దలకు బొమ్మలే వాక్యం బోధించాయి. 1924లో ప్రతిష్ఠించబడిన మెదక్ దేవాలయంలో రంగుటద్దాల కిటికీలున్నాయి. వాటిలో ప్రభువు జననాన్ని, సిలువను, ఆరోహణాన్ని చూసి ఎందరో పల్లె విశ్వాసులు సువార్త తెలుసుకున్నారు. ఇంటిముందు ముగ్గు కూడా అటువంటిదే. మన స్త్రీలు క్రిస్మస్ తెల్లవారుజామున వాకిట్లో నక్షత్రం వేస్తారు. దారిన పోయేవారికి అది ఒక చిన్న ప్రసంగమే.

మా సహోదరుడు మూడు రోజులు పని చేశాడు. నిచ్చెన ఎక్కేటప్పుడు కుడికాలు ఈడ్చినట్టు నడవడం గమనించి, "కాలికేమైంది తమ్ముడూ?" అని అడిగాను. "చెప్పు కరిచింది అయ్యగారూ, తగ్గిపోతది" అన్నాడు. నేను సరే అన్నాను. రోజుకు మూడుసార్లు మా ఇంటినుండి ఆయనకు టీ వెళ్లేది. పని చేసే మనిషి గదా అని చక్కెర ఒక చెంచా ఎక్కువే పడేది.

ఆయనకు షుగర్ ఉన్నదని మాకు తెలియకపోలేదు. అక్టోబరులో కోతపండుగ ఆరాధనలో ఆయన లేచి, "ప్రభువే నా వైద్యుడు, నేను గోలీలు బంద్ జేసిన" అని సాక్ష్యమిచ్చాడు. సంఘమంతా హల్లెలూయా అన్నది. ప్రసంగపీఠం దగ్గర నిలబడిన నేనూ "ఆమెన్" అన్నాను. ఈ మాట ఇప్పుడు రాయడానికి సిగ్గుపడుతున్నాను. ఆ ఆమెన్ అనకముందు నేను ఆయన్ని పక్కకు పిలిచి ఒక్క ప్రశ్న అడగవలసింది. అడగలేదు.

జనవరిలో ఆయన కాలి పుండు నల్లబడింది. ఆసుపత్రికి తీసుకుపోతే రెండు వేళ్లు తీసివేశారు. ఎక్కువ కాలం షుగర్ అదుపులో లేకపోతే పాదాల్లో నరాలు దెబ్బతిని స్పర్శ పోతుందనీ, గాయమైనా నొప్పి తెలియదనీ, రక్తప్రసరణ తగ్గి ఆ గాయం మానదనీ డాక్టరుగారు వివరించారు. నేను మంచం పక్కన కూర్చుంటే ఆ సహోదరుడే నన్ను ఓదార్చాడు. "అయ్యగారూ, గోడమీద ఒక్కక్షరం వంకరపోతే పది గజాల దూరంనుంచి నాకు కనబడ్తది. నా కాలు మాత్రం నాకు కనబడలే" అన్నాడు.

ఆయన భార్య తన చేతిసంచిలోనుండి ఒక కాగితం తీసి చూపింది. అది రెండేళ్ల కిందటి రక్తపరీక్ష రిపోర్టు. ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి బైబిలు అట్టలోపల దాచాడట. అందులోని అంకెలు ఎవరికీ చూపలేదు. తానూ మళ్లీ చూడలేదు.

ఆ రాత్రి ఇంటికి వచ్చి దానియేలు గ్రంథం తెరిచాను. ఎన్నోసార్లు ప్రసంగించిన గ్రంథమే గాని, ఒక సంగతి ఆనాడే నా కంటబడింది. మొదటి అధ్యాయంలో కంచం ఉంది, అయిదవ అధ్యాయంలో గోడ ఉంది, ఆరవ అధ్యాయంలో కిటికీ ఉంది. మూడింటి దగ్గరా ఉన్నది ఒకే మనిషి.

మొదటి అధ్యాయంలో యౌవనుడైన దానియేలు రాజు బల్లమీది భోజనం వద్దని, కాయధాన్యాలు, నీళ్లు చాలునని పది దినాల పరీక్షకు ఒప్పించాడు. తనను అపవిత్రపరచుకొనకూడదన్నది అతని ఉద్దేశం. ఇది ఆరోగ్యపాఠంగా రాయబడినది కాదని మనం ఒప్పుకోవాలి. అయినా, ఎదుట పెట్టినదంతా తినకుండా, ఏది తినాలో దేవుని యెదుట ఆలోచించే అలవాటు అక్కడ కనబడుతుంది. అయిదవ అధ్యాయంలో బెల్షస్సరు రాజు గొప్ప విందు చేసి త్రాగుచుండగా, దీపస్తంభానికి ఎదురుగా పూతపూసిన గోడమీద ఒక చెయ్యి రాసింది. జ్ఞానులెవరూ దాన్ని చదవలేకపోయారు. దానియేలు వచ్చి చదివాడు. అది రాజుకు ఇష్టమైన కబురు కాదు, అయినా ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. విందు అలవాటైన కళ్లకు గోడమీది రాత చదవరాలేదు. మితం నేర్చుకున్న మనిషి దాన్ని చదివాడు.

ప్రియులారా, రక్తపరీక్ష కాగితం కూడా గోడమీద రాతవంటిదే. దేవుడు డాక్టరుగారి చేతిద్వారా మనకు రాసి చూపే హెచ్చరిక అది. దాన్ని మడిచి బైబిలులో దాచితే విశ్వాసం అవదు. హిజ్కియా రాజు మరణకరమైన రోగంతో ఉన్నప్పుడు కన్నీటితో ప్రార్థించాడు, దేవుడు విన్నాడు. అదే యెషయా 38వ అధ్యాయం చివరలో, అంజూరపు పండ్ల ముద్ద పుండుకు కట్టమని ప్రవక్త చెప్పాడని కూడా ఉంది. ప్రార్థన ఆలకించిన దేవుడే పట్టు వేయించాడు. మాత్ర వేసుకొనే చెయ్యి ప్రార్థనలో జోడించే చెయ్యికి విరోధి కాదు. డాక్టరును అడగకుండా ఎవరూ మందు మానవద్దని, కోతపండుగనాడు చెప్పవలసిన మాటను ఇప్పుడు చెప్పుచున్నాను.

ఇది ఒక్క మా సహోదరుని కథ కాదు. 2023లో ప్రచురించబడిన భారత వైద్య పరిశోధనా మండలి అధ్యయనం ప్రకారం మన దేశంలో 10 కోట్లకు పైగా మనుష్యులకు షుగర్ ఉంది. ఇది పట్నంవాళ్ల జబ్బని మన పల్లెల్లో అనుకొనేవారు. ఇప్పుడు అలా అనుకోవడానికి లేదు.

ఇక కంచం సంగతి. మా తాతగారి దినాల్లో మా వైపు జొన్నరొట్టె, జొన్నగటక, పుంటికూర, తొగరిపప్పు ఇవే తిండి. వరి అన్నం పండుగకు. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం వచ్చినప్పుడు ఎన్నో పేద ఇళ్లలో ఆకలి తీరింది. అందుకు కృతజ్ఞత చెప్పాలి. అయితే దానితోపాటు ఒక సిగ్గు కూడా మనలో ప్రవేశించింది. నేను బడిలో చదివేటప్పుడు గటక తెచ్చుకున్న పిల్లవాడు డబ్బా మూత సగమే తెరిచి తినేవాడు. తెల్లన్నం తెచ్చినవాడు మూత పక్కన పెట్టి తినేవాడు. నేను కొన్నిసార్లు ఆ మొదటి పిల్లవాణ్ణి.

ఆ సిగ్గును మన ప్రాంతపు పేద స్త్రీలే పోగొట్టారు. జహీరాబాదు పక్కన పస్తాపూర్‌లోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల స్త్రీలు జొన్న, సజ్జ, కొర్ర, సామ విత్తనాలను కాపాడుకుంటూ వచ్చారు. వారిలో అత్యధికులు దళిత స్త్రీలు. సంక్రాంతితో మొదలుపెట్టి పాత పంటల జాతర చేస్తారు. ఎడ్లబండ్లను అలంకరించి, వాటిమీద విత్తనాలు పెట్టుకొని, పాటలు పాడుకుంటూ ఊరూరా తిరుగుతారు. వీధిలో కదిలే ఆ బండ్ల వరుసకంటె మంచి చిత్రం ఏ గోడమీద ఉంటుంది? మనం మూత కింద దాచుకున్నదాన్ని వారు బండిమీద ఊరేగించారు. తరువాత ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది.

100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. అంతే తెల్లబియ్యంలో 10 మిల్లీగ్రాములు కూడా కష్టమే. ఎదిగే పిల్లలకు, బాలింతలకు రాగి మంచిది. అయితే ఒక జాగ్రత్త చెప్పాలి. చిరుధాన్యం మందు కాదు. అందులోనూ పిండిపదార్థమే ఎక్కువ. మెత్తగా కాచిన రాగిజావ పెద్ద గ్లాసు తాగితే షుగర్ ఉన్నవారికి అది పెరుగుతుంది. రొట్టె అయినా అన్నమైనా కొలత ముఖ్యం. కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పావువంతు పప్పు గాని గుడ్డు గాని, మిగిలిన పావువంతు అన్నం గాని రొట్టె గాని ఉంటే మంచిదని డాక్టరుగారు చెప్పిన లెక్క. మన కంచాల్లో సాధారణంగా ముప్పావు అన్నమే ఉంటుంది.

ఇప్పుడు చాలామంది "పాజిటివ్‌గా ఉండాలి" అంటున్నారు. ఆటోల వెనుక, బడి గోడలమీద, సెల్‌ఫోన్లలో అదే మాట. మంచి మాటే గాని, దాని అర్థం మనం సరిగా గ్రహించాలి. చెడ్డ కబురు చదవకుండా నవ్వుతూ ఉండడమే అయితే ఆ రాత్రి బెల్షస్సరు విందులో అందరూ పాజిటివ్‌గానే ఉన్నారు. దానియేలు తీరు వేరు. ఆరవ అధ్యాయంలో, రాజు శాసనం సంతకమైందని తెలిసికూడా అతడు ఇంటికి వెళ్లి, యెరూషలేము వైపు కిటికీ తెరిచి, దినానికి ముమ్మారు మోకాళ్లూని దేవునికి కృతజ్ఞత చెల్లించాడు. చెడ్డ కబురు అతనికి పూర్తిగా తెలుసు. తెలిసే కిటికీ తెరిచాడు. విశ్వాసి ధైర్యమంటే ఇదే. కాగితం చదవాలి, కన్నీరు వస్తే రానివ్వాలి, దేవుని యెదుట దాన్ని పరచాలి, తెల్లవారి లేచి చేయవలసినది చేయాలి.

మా సహోదరుడు శ్రమదినాల్లో ఇంటికి వచ్చాడు. ఈస్టరుకు ముందు పాదాలకు మెత్తటి చెప్పులు వేసుకొని, నిచ్చెన ఎక్కకుండా స్టూలుమీద కూర్చొని, ప్రేమవిందు వండే పాక గోడమీద ఒక జొన్నకంకిని, ఒక కంచాన్ని వేశాడు. కంచంలో సగం ఆకుపచ్చ రంగే. పిల్లలు చూసి, "గిదేం కంచం తాతా, అన్నం తక్కువున్నది?" అని నవ్వారు. "నేను ఆలస్యంగ నేర్చుకున్న లెక్క రా, మీరు ముందుగాల నేర్చుకోండ్రి" అన్నాడు.

ఆ ఈస్టరు విందులో స్త్రీల మైత్రివారు జొన్నరొట్టెలు చేశారు. చక్కెర లేని టీకి వేరే కెటిలు పెట్టారు. మొదట నలుగురైదుగురే ఆ కెటిలు దగ్గరకు వెళ్లారు. నేనూ గ్లాసు పట్టుకొని అక్కడే నిలబడ్డాను. నెలకొక ఆదివారం ఆరాధన అయ్యాక నర్సమ్మగారు వచ్చి దేవాలయపు చెట్టుకింద బీపీ, షుగర్ చూస్తున్నారు. మొదటి వారం మొదటి వేలు నాదే. కొంచెం ఎక్కువే వచ్చింది. ఆ కాగితాన్ని మా ఇంటావిడ వంటింటి గోడకు అంటించింది. ఇక దాచడానికి లేదు.

ప్రియ కుటుంబములారా, ఈ నెలలో మూడు పనులు చేయండి. 30 ఏళ్లు దాటినవారు మీ ఊరి ఉపకేంద్రంలో ఉచితంగా పరీక్ష చేయించుకోండి. షుగర్ ఉన్నవారు ప్రతి రాత్రి ప్రార్థనకు కూర్చొనే ముందు పాదాలు కడుక్కొని, తడి తుడిచి, వేళ్లమధ్య చూసుకోండి. కళ్లు ఆననివారికి మనుమడో మనుమరాలో చూసి చెప్పాలి. ప్రభువు శిష్యుల పాదాలు కడిగాడు గదా, ఇంట్లో ఒకరి పాదాలు ఒకరు చూడడం తక్కువ పని కాదు. మూడవది, సాక్ష్యమిచ్చే సహోదరునికి ఆమెన్ చెప్పేముందు ఆయన క్షేమం కూడా అడగండి. ఈ మూడవది ముందుగా నావంటి సేవకులకు.

మన ప్రహరీగోడ మీద రాసిన వాక్యాన్ని దారిన పోయేవారు చదువుతారు. మన కంచాన్ని, మన నడకను మన పిల్లలు చదువుతారు. రెండు చోట్లా ఒకే సంగతి రాసియుండునట్లు ప్రభువు మనకు సహాయము చేయును గాక. మీ రొట్టెను, మీ నీళ్లను ఆయన ఆశీర్వదించును గాక. ఆమెన్.