సరదాకి సంజాయిషీ ఎందుకు?

మగవాడు కారు కొంటే హోదా అంటారు. ఆడది కొంటే "పాపం, ఏదో అవసరం పడిందేమో" అంటారు. అవసరమేమీ లేదని తేలిందా, ఇంక పొగరు అంటారు. ఈ మూడింటి మధ్యా సరదా అనే చక్కని మాట ఒకటుంది. అది ఆడవాళ్ళకి ఎందుకు వర్తించదో ఎవరైనా చెబితే విని తరించాలని ఉంది. చెప్పేవాళ్ళు కనబడరు. ఉచిత సలహాలిచ్చేవాళ్ళు మాత్రం బందరు నుంచి గుడివాడ దాకా అడుగడుగునా ఉన్నారు.

సంగతేమిటంటే, నాకో కారుంది. 2004 నాటి మారుతి జెన్. ఈ బండి మొదటిసారి 1993లో వచ్చింది. ఆ పాత గుండ్రటి రూపం 2006తో ఆగిపోయింది. ఒక సీరియల్ నవలకి వచ్చిన డబ్బుతో 2018లో 65,000 పోసి కొన్నాను. అప్పటికే అది రెండు చేతులు మారింది. నంబరు ఏపీ 16 తో మొదలవుతుంది. అంటే మన పాత కృష్ణా జిల్లా నంబరన్నమాట. 2019లో కొత్త బండ్లకి రాష్ట్రమంతటా 39 వెయ్యడం మొదలుపెట్టారు గనక, ఈ 16 కనబడితే పుట్టింటి ఇంటిపేరు విన్నట్టుంటుంది.

దాన్ని నడపడంలో ఉన్న సుఖం ఏమిటని అడుగుతారు. చెబుతాను. తేలికైన ఒళ్ళు, 993 సీసీల చిన్న ఇంజను. పెడన దాటి కవుతరం, గుడ్లవల్లేరు మీదుగా గుడివాడ వెళ్ళే దారిలో పొద్దున్నే పోతూంటే, ఆ బండి చెప్పినమాట వినే చురుకైన పిల్లలా ఉంటుంది. ఇలా తిప్పితే ఇలా తిరుగుతుంది. కొత్త కార్లలో స్టీరింగు వెన్నముద్దలా ఉంటుంది, కింద రోడ్డుందో లేదో తెలియదు. నా బండిలో అలా కాదు. గతుకు గతుకుకీ కబురు చేతికి అందుతుంది. మన రోడ్ల మీద ఆ కబుర్లకి కొదవేముంది!

ఇక ఖర్చు. దాచి చెప్పను. కిందటేడు టింకరింగుకీ రంగుకీ 18,000. సస్పెన్షన్ పనికి 9,500. ఏసీ కంప్రెసర్ 11,000. బ్యాటరీ 4,200. చిల్లర మల్లర 3,300. వెరసి 46,000. కొన్న ధరలో మూడింట రెండు వంతుల పైన ఒక్క ఏడాదిలో తినేసింది. పట్టాభి సీతారామయ్యగారు 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టిన ఊరు మాది. ఆ బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది గానీ, ఊళ్ళో వాళ్ళకి లెక్కలు మాత్రం పోలేదు. అందుకని నా 46,000 లెక్క నాకంటే వాళ్ళకే బాగా తెలుసు.

ఇంత ఖర్చు ఎందుకంటే, అందులో బండి తప్పు తక్కువ, మా గాలి తప్పు ఎక్కువ. సముద్రపు గాలిలో ఉప్పుంటుంది. ఆ ఉప్పు తేమతో కలిసి ఇనుముని మామూలుకంటే తొందరగా తుప్పు పట్టిస్తుంది. తలుపుల అడుగున ఉండే మడతల్లో నల్లరేగడి బురద చేరి, నీళ్ళు కారే చిన్న చిన్న బెజ్జాలు మూసుకుపోతాయి. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల రేకు బిస్కట్టులా పొడిపొడి అవుతూంటుంది. మంగినపూడి వెళ్ళొచ్చిన ప్రతిసారీ అడుగుభాగం మంచినీళ్ళతో కడిగించాలి. ఇరవయ్యేళ్ళ బండికి విడిభాగాలు బందరులో దొరకవు, బెజవాడ ఆటోనగర్‌లో వెతికించాలి. దీనికి తోడు 2025 నాటికి పెట్రోల్లో ఇథనాల్ పాలు 20 శాతానికి చేరింది. పాత బండ్లలో కొన్ని రబ్బరు భాగాలు మార్చుకోవలసి రావచ్చని ప్రభుత్వమే ఒప్పుకుంది. రిజిస్ట్రేషన్ సంగతి చెప్పనే అక్కర్లేదు. పదిహేనేళ్ళు దాటిన కారుకి 600 ఉన్న రుసుమును 2022 ఏప్రిల్ నుంచి 5,000 చేశారు. 2025లో, ఇరవయ్యేళ్ళు దాటితే 10,000 అన్నారు.

ఇప్పుడు సలహాదారుల సంగతి చూద్దాం.

మొదటి సలహా బంగారం. "ఆ డబ్బంతా బంగారం మీద పెట్టుంటే ఈపాటికి ఎంతయ్యేదే అమ్మాయ్!" అంటుంది మా పిన్ని. లెక్క ప్రకారం పిన్ని మాట నూటికి నూరుపాళ్ళూ నిజం. 2018లో పది గ్రాములు ముప్ఫై వేల చిల్లర ఉన్న బంగారం 2025లో లక్ష దాటింది. నా కారు ఆ ఏడేళ్ళలో తుప్పు దాటింది. ఇందులో వాదించడానికేమీ లేదు. కాని ఒక్కటడుగుతాను. ఆ బంగారం పిన్ని ఎప్పుడు వేసుకుంది? అసలు నగలు బ్యాంకు లాకరులో ఉంటాయి. పెళ్ళికి వేసుకు వచ్చేవి చిలకలపూడి రోల్డుగోల్డు నగలు! లోకానికంతటికీ గిల్టు నగలు చేసి పంపే ఊళ్ళో పుట్టి, మనం కూడా గిల్టుతోనే సరిపెట్టుకుంటున్నాం. అంటే బంగారం మన సరదా కాదు, మన భయం. ఇంటి పట్టా ఆయన పేర, పొలం మామగారి పేర, బ్యాంకు ఖాతా ఇద్దరి పేర. ఒంటరిగా మన పేర ఉన్నది ఆ నాలుగు గాజులే గనక, వాటిని ప్రాణంలా దాచుకుంటాం. ఆ భయాన్ని నేను వెక్కిరించను. దానికి కారణాలున్నాయి. కాని భయానికి పెట్టే ఖర్చుని పొదుపనీ, సంతోషానికి పెట్టే ఖర్చుని దుబారా అనీ పేర్లు పెడితే మాత్రం ఒప్పుకోను.

రెండో సలహా బస్సు. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం వచ్చింది, ఆర్టీసీలో ఆడవాళ్ళకి టికెట్టు లేదు. "ఊరికే తీసుకువెళ్తూంటే కారెందుకండీ?" అన్నాడో పెద్దమనిషి. ఆ పెద్దమనిషి వాకిట్లో ఒక బుల్లెట్టు, ఒక పెద్ద కారూ ఉన్నాయి. ఉచిత బస్సు చాలా మంచిది. కూలికి వెళ్ళేవాళ్ళకీ, కాలేజీ పిల్లలకీ అది ఎంత ఊరటో రోజూ చూస్తున్నాను. నేనూ ఎక్కుతాను. కాని బస్సు దాని దారిన అది పోతుంది. ఘంటసాల దగ్గర ఒక్క క్షణం ఆపమంటే ఆపదు. వెళ్ళవలసిన చోటికి చేర్చే బండి వేరు, ఎక్కడికీ వెళ్ళక్కర్లేనప్పుడు ఎక్కే బండి వేరు. రెండోది ఆడవాళ్ళకి అనవసరమని ఎవరు తేల్చారు?

మూడో సలహా కొత్త కారు. ఏడు లక్షలు అప్పు చేసి, నెలకి పధ్నాలుగు వేల పైచిలుకు చొప్పున ఐదేళ్ళు కట్టమంటారు. దాని పక్కన నా 46,000 ఒక లెక్కా అని వాదించవచ్చు. నేను వాదించను. వాళ్ళకి చివర్లో మంచి బండి మిగులుతుంది, నాకు బిల్లులు మిగులుతాయి. అయినా నాకు నచ్చిన బండి అది కాదు. నచ్చడం అనేది కారణంగా చెల్లదా?

నాలుగోది పొగ. పాత బండ్లు గాలి పాడుచేస్తాయన్న మాట నిజం, దాన్ని కొట్టిపారెయ్యను. ఆరు నెలలకోసారి పరీక్ష చేయించి సర్టిఫికెట్టు తెచ్చుకుంటున్నాను. ఏ రోజు ఆ పరీక్షలో తప్పుతుందో ఆ రోజే తాళాలు పక్కన పెడతాను. అది ఊరందరికీ నేను పడ్డ బాకీ. మిగిలినదంతా నా సొంత వ్యవహారం.

వీళ్ళందరి కంటే నన్ను ఎక్కువ విసిగించేది నా పక్షాన మాట్లాడేవాళ్ళు. "పోనీలెండి, అర్ధరాత్రి ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే అక్కరకొస్తుంది" అంటారు. "తుపానొస్తే పిల్లల్ని తీసుకుని బయటపడొచ్చు" అంటారు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన చూసిన దివిసీమ వాళ్ళ నోట ఆ మాట వింటే నేను తల వంచుకుంటాను. దాంతో వాదన పెట్టుకోను. కాని నా కారుని నేను ఆ సాకుతో నిలబెట్టదలుచుకోలేదు. ఆడదాని చేతిలో ఏ వస్తువున్నా అది నలుగురికీ సేవ చేస్తేనే క్షమిస్తారన్నమాట! కుట్టుమిషనైతే పరవాలేదు, గ్రైండరైతే పరవాలేదు. ఊరికే షికారుకైతే ముక్కున వేలేసుకుంటారు. అదే మగవాడు పాత బుల్లెట్టు ఒకటి కొని, రెండేళ్ళు దాని సామాన్ల కోసం ఊళ్ళు తిరిగితే "ఎంత అభిరుచండీ!" అంటారు. సంక్రాంతికి కోడిపందేల్లో పోగొట్టుకొచ్చినా "పండక్కేగా" అని వదిలేస్తారు.

మెకానిక్కు షెడ్డులోనూ ఇదే వరస. పేరెందుకు గాని, ఒకచోట బండి పని చెప్పబోతే, "సారుని పంపండి మేడం, ఆయనకి వివరంగా చెబుతా" అన్నాడు. మా సారుకి డ్రైవింగే రాదు! క్లచ్చెక్కడుందో చూపిస్తే, "ఓహో, ఇదా" అని ఇంటికొచ్చి పేపరు చదువుకుంటారు. బిల్లు మాత్రం నా చేతికే ఇచ్చారు. అక్కడ సారు అవసరం రాలేదు.

అవసరం, అవసరం అంటారే, ఆ మాట చేసే అన్యాయం ఎంతటిదో ఒక్క ఉదాహరణ చెబుతాను. మా అమ్మ పుట్టింది అవనిగడ్డ దగ్గర. కృష్ణమ్మ సముద్రంలో కలిసే హంసలదీవి అక్కడికి ఎంతో దూరం లేదు. ఏటా మాఘపున్నమికి ఇంట్లో మగవాళ్ళు వెళ్ళి స్నానాలు చేసి వచ్చేవారు. చిన్నప్పుడు "గుంపులో ఆడపిల్లెందుకు" అన్నారు. పెళ్ళయ్యాక "ఇప్పుడు అక్కడేం పని" అన్నారు. పని లేదు, నిజమే. ఏ పనీ లేదు గనక అరవై ఏళ్ళు దాటేదాకా తన నది ఎక్కడికి పోతుందో ఆవిడ చూడలేదు. చివరికి నా జెన్‌లో కోడూరు మీదుగా వెళ్ళి చూసింది. "ఇంతేనా!" అంది. "ఇంత దగ్గరా!" అని కూడా అంది. ఆ రెండో మాటకి జవాబు చెప్పవలసినవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు.

అందుకని చెబుతున్నాను. అవసరమున్న చోటికే వెళ్ళాలంటే, మనకి బజారు, బడి, ఆస్పత్రి, గుడి తప్ప ఐదో వీధి తెలియదు. మీకు కారు మీద సరదా ఉండకపోవచ్చు. మొక్కలు కావచ్చు, వీణ కావచ్చు, పెడన కలంకారీ చీరలు కావచ్చు. దాని మీద మీ సొంత డబ్బు పెట్టండి. ఇంటి బాకీలు తీర్చి, పిల్లల ఫీజులు కట్టి, ఆ తరవాతే పెట్టండి. నేనూ అంతే చేస్తాను. కాని పెట్టాక సంజాయిషీ ఇవ్వకండి. "డిస్కౌంటులో వచ్చింది", "పిల్లల కోసమే" అని అబద్ధాలాడకండి. పద్దుల పుస్తకంలో దాన్ని పాలు, పప్పుల మధ్య "ఇతరములు" అని ఇరికించకండి. వేరే ఒక గడి గీసి, పైన "నా సరదా" అని స్పష్టంగా రాసి, కింద అంకె వెయ్యండి. చూసినవాళ్ళు చూడనీండి. మా ఇంట్లో ఆ గడి ఉంది. కిందటేడు అంకె మీకిప్పటికే చెప్పాను.