పడవలోని బెంచీ ఎవరి కొరకు?



ఎల్.టి.సి. సదుపాయముపై అండమాన్ దీవులను దర్శించి వచ్చు తపాలా ఉద్యోగులు మనలో అనేకులు కలరు. వారిలో కొందరు, 2018లో స్వరాజ్ ద్వీపముగా పేరు మారిన హేవ్‌లాక్ దీవికి పోయి, వీపున గాలి సిలిండర్ ధరించి సముద్రగర్భములోని పగడపు దిబ్బలను చూచి వచ్చుచున్నారు. ఆర్.ఎం.ఎస్. వ్యానులో ముప్పది సంవత్సరములు సార్టింగ్ చేసి విరమించిన నేను కూడ ఆ ముచ్చట తీర్చుకొన్నాను. అయితే నాకు జ్ఞాపకమున్నది పగడములు కావు. ఒక పనివాని కాలు.

మేమెక్కిన చిన్న డుంగీ పడవలో ఎనిమిది సిలిండర్లను అడుగు పలకపై పరుండబెట్టి, వాల్వుల మెడల గుండా ఒకే నైలాను త్రాడు దూర్చి కట్టినారు. దీవి మలుపు దాటగనే అలల ఊపునకు ముడి సడలినది. ఒక సిలిండర్ దొర్లి వచ్చి పడవ పనివాని పాదముపై పడినది. అతడు శ్రీకాకుళము జిల్లా నుండి వలస వచ్చిన యువకుడు, దినకూలీ. చితికిన బొటనవ్రేలికి గుడ్డ చుట్టుకొనుచు “ఇది రోజూ ఉన్నదే బాబూ” అన్నాడు. రోజూ ఉన్నదేయను ఆ మాటను గురించియే నేను వ్రాయదలచినాను.

వినోదపు డైవింగులో సర్వసాధారణముగ వాడు అల్యూమినియం సిలిండర్ ఖాళీగా సుమారు 14 కిలోలు తూగును. నింపినప్పుడు రెండున్నర కిలోలకు మించిన గాలి అందులో చేరును. వాల్వుతో కలిపి మొత్తము 17 కిలోలని చెప్పవచ్చును. లోపలి పీడనము సుమారు 200 బార్లు. కారు టైరులో నుండునది రెండు బార్లకు కొంచెము పైన మాత్రమే. అట్టి సిలిండర్లు పది చేరినచో 170 కిలోలు. ఇద్దరు మనుష్యుల కంటె ఎక్కువైన ఈ బరువు కట్టులేక పడవలో దొర్లుచుండుట ఎంత ప్రమాదమో, బిగించని సరుకుతో శంటింగ్‌లో కుదుపులు తిను వ్యాగనును చూచిన రైల్వే సోదరులకు వేరుగ చెప్పనక్కరలేదు. సిలిండర్లు ఒకదానిపై నొకటి పడరాదనియు, వాటిని జార్చుట, పడవేయుట నిషిద్ధమనియు 2016 నాటి గ్యాస్ సిలిండర్ల నియమావళి చెప్పుచున్నది. కాగితముపై నున్న ఆ నియమము పడవలో అమలు కావలెనన్నచో అందుకు కొయ్యతోనో లోహముతోనో ఒక ఆకారము కావలెను. ఆ ఆకారమే రాకు, బెంచీ.

ఈ నిర్మాణములో గొప్ప రహస్యమేమియు లేదు. సిలిండర్ చుట్టుకొలతకు అడ్డము 18 సెంటీమీటర్లకు కొంచెము పైన. పై పలకలో 20 సెంటీమీటర్ల గుండ్రని రంధ్రములు కోసి అంచులకు రబ్బరు తొడిగి, క్రింది పలకపై రబ్బరు చాప పరచినచో సిలిండర్ నిటారుగ నిలుచును. ప్రతిదానికి విడివిడిగ సాగు త్రాడు ఉండవలెను. ఒక ముడి సడలినచో ఎనిమిదియు కదలు దుస్థితి ఉండరాదు. కోసిన ప్లైవుడ్ అంచులను ఎపాక్సీతో మూయనిచో ఉప్పునీరు పొరలను విప్పివేయును. మేకులు, మరమేకులు చాలవు. పడవ పక్కటెముకల వరకు పోవు తుప్పుపట్టని బోల్టులు, వెనుకవైపు వెడల్పాటి పలక అవసరము. పడవ అల మీదినుండి క్రిందికి పడునప్పుడు ఆ బరువు అనేక రెట్లుగ లాగును.

బెంచీ ఎత్తు సుమారు 45 సెంటీమీటర్లు ఉండి, సిలిండర్ సరిగ్గా దాని వెనుక నిలిచినచో, డైవరు కూర్చుండియే పట్టీలు బిగించుకొని కాళ్ళ బలముతో లేవగలడు. లేనిచో ప్రతి యాత్రికుని వీపుపైకి పనివాడు నడుము వంచి బరువెత్తవలసి వచ్చును. ఆరుగురు యాత్రికులు, రోజునకు రెండు మునకలు. దింపుట, ఎక్కించుట కలిపి లెక్కించుడు. సార్టింగ్ కేసులోని గూళ్ళ ఎత్తు జానెడు తప్పినచో రాత్రి తెల్లవారునప్పటికి భుజము ఏమగునో మనము ఎరుగుదుము.

ఖర్చెక్కువ, చోటు చాలదు, వేటకాలములో అడ్డమగునని పడవ యజమానులు చెప్పుదురు. ఇందులో చివరిది న్యాయమైన మాట. నైరుతి ఋతుపవన కాలములో డైవింగు తగ్గినప్పుడు అదే పడవ చేపలవేటకు పోవలసి యుండవచ్చును. కనుక బోల్టులు విప్పి తీయదగిన రాకును నిర్మింపవలెను. చోటు చాలనిచో ఇరుప్రక్కల బెంచీలు మాని నడుమనే ఒక వరుస నిలుపవచ్చును. బరువు క్రిందుగ, మధ్యగ నుండుట చిన్న పడవకు మరింత క్షేమము. యాత్రికులందరు ఒకే ప్రక్కకు చేరినప్పుడు ఒరుగుట తగ్గును. ఖర్చు మాటకు వచ్చినచో, కొన్ని పలకలు, బోల్టులు, రబ్బరు ముక్కల వెల ఒక మనిషి పాదము వెలకంటె ఎక్కువ కాజాలదు.

నా ముఖ్యాభిప్రాయ మిది. బెంచీని యాత్రికుని ఆసనముగ మాత్రమే తలచి కట్టినంతకాలము అది సరిగా రాదు. అది పనివాని పనిబల్ల. కావున కొలత తీయుటకు ముందు ప్రతిదినము ఆ సిలిండర్లు మోయువానిని అడుగవలెను. ఏ ఎత్తు నడుమును నొప్పించునో, ఏ మూల మోకాలికి తగులునో అతనికే తెలియును.

మీలో ఎవరైన అట్టి పడవ ఎక్కినపుడు సముద్రము వైపు చూచుటకు ముందు ఒక్క నిమిషము పాదముల వైపు చూడుడు. సిలిండర్లు నిలిచియున్నవా, దొర్లుచున్నవా? దొర్లుచున్నచో రాకు ఎందుకు లేదని పనివానిని గాక యజమానిని అడుగుడు. టికెట్టు కొన్నవాడు అడిగిన ప్రశ్నను కూలివాడు అడిగిన ప్రశ్నవలె త్రోసిపుచ్చుట కష్టము.