బోను వెలుపలి మనిషి

క్రిందటి విహారయాత్రలో మా వెంట విశాఖపట్నం వచ్చినవారికి ఆ మధ్యాహ్నం జ్ఞాపకం ఉండే ఉంటుంది. ఏలూరులో తెల్లవారుజామున రైలెక్కి, తాడేపల్లిగూడెంలో మరికొందరిని కలుపుకొని, ఎంతో ఉత్సాహంతో ఇందిరా గాంధీ జంతు ప్రదర్శనశాలకు చేరుకున్నాము. చెట్టు నీడన ఒక పెద్దపులి నిద్రిస్తున్నది. మనవారిలో ఒకరు గులకరాయి విసిరారు. అది ఉలిక్కిపడి లేచింది. మనవారు చప్పట్లు చరిచారు. పరుగున వచ్చిన సంరక్షకుడు కోపగించుకోలేదు; మీరు నిద్రిస్తున్నప్పుడు ఎవరైనా రాయి వేస్తే ఓర్చుకుంటారా అని మాత్రం అడిగాడు. మావద్ద సమాధానం లేకపోయింది. తప్పు ఆ ఒక్క విద్యార్థిది కాదు. ఏమీ చెప్పకుండా తీసుకుపోయిన మాది.

ఇకమీదట జంతుశాల యాత్రలు మానివేయడమే మేలన్న మాట కళాశాల కమిటీలో వినవచ్చింది. పెద్దలపట్ల గౌరవంతోనే, మా అభిప్రాయం వేరని మనవి చేస్తున్నాము.

పులి పగలు నిద్రించడం సోమరితనం కాదు. అడవిలోనూ అది దినంలో అధికభాగం విశ్రమించి, సంధ్యవేళ, రాత్రివేళ వేటకు బయలుదేరుతుంది. జంతుశాలలో మాంసం దాని వద్దకే నడిచి వస్తుంది. పని లేని ప్రాణికి విసుగు పుడుతుంది. ఒకే బాటన అటూ ఇటూ అదేపనిగా తిరిగే పులిని చూసి మనం దర్పమనుకుంటాము. అది తరచు మానసిక క్లేశానికి చిహ్నం. అందుకే నేటి జంతుశాలలలో నీటి మడుగులు, దుంగలు, నీడచెట్లు అమర్చుతారు. ఆహారాన్ని దాచి వెదకుకోనిస్తారు. అడవిలో ప్రతిదినం వేట దొరకదు కనుక అనేక జంతుశాలలలో వారానికొకనాడు పస్తు ఉంచుతారు. ఉపవాసపు విలువ మనకు వేరే చెప్పనవసరం లేదు! పులిని ఒక గదిలోనికి పంపి, తలుపు బిగించిన పిమ్మటనే సంరక్షకుడు రెండవ గదిని శుభ్రం చేస్తాడు. ఒక్కనాడు గొళ్లెం మరచినా ప్రాణాంతకమే.

ఇంతటి శ్రమను చెరచగలిగినవాడు బోను వెలుపలి మనిషి. 2000 అక్టోబరులో హైదరాబాదు నెహ్రూ జంతు ప్రదర్శనశాలలో దుండగులు ఒక ఆడపులిని దాని బోనులోనే చంపి చర్మం ఒలిచారు. అక్కడనే 2021 మే నెలలో ఎనిమిది సింహాలకు కరోనా సోకినట్లు పరీక్షలలో తేలింది. శ్రద్ధగా చూసుకోగా అవి కోలుకున్నాయి. 2024 ఫిబ్రవరిలో తిరుపతి జంతుశాలలో ఒక సందర్శకుడు సింహం ఉన్న ఆవరణలోనికి దిగి ప్రాణం పోగొట్టుకున్నాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. ఇక్కడ సామెత తలక్రిందులైనది; చెలగాటం మనిషిది, సంకటం పెద్దపులిది.

మరి వాటిని అడవికే విడిచిపెట్టరాదా అని కొందరు ప్రశ్నిస్తారు. సర్కసు డేరాలో కొరడా చప్పుడుకు పీటలెక్కిన సింహాలను చూసిన పెద్దలు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. పులులు, సింహాల వంటి మృగాలను సర్కసులలో ఆడించడాన్ని కేంద్ర ప్రభుత్వం 1998లో నిషేధించింది. అట్లా విముక్తి పొందినవాటిలో అనేకం విశాఖపట్నం, తిరుపతి రక్షణ కేంద్రాలలో శేషజీవితం గడిపాయి. బోనులోనే పుట్టి పెరిగిన మృగం వేట నేర్వలేదు. అడవిలో దానికి బ్రతుకు లేదు. బంధించినవాడే దాని ఆకలికి, రోగానికి, వార్ధక్యానికి పూచీ వహించాలి. పిల్లిని కట్టివేసి తిండి పెట్టక, తానుగా వెదకుకోనీయక చంపిన స్త్రీ శిక్షకు పాత్రురాలైనదన్న హదీసు మన ఇండ్లలో బాల్యం నుండి వింటున్నదే. పిల్లి విషయంలో చెల్లే ధర్మం పులి విషయంలో చెల్లదా?

కొల్లేటి లంకలనుండి వచ్చే మన విద్యార్థులను చూడండి. ఆటపాకలో గూళ్లు కట్టుకున్న గూడబాతుల దరికి పడవ సాగేటప్పుడు గొంతు తగ్గించాలని వారికి ఎవరూ బోధించనవసరం లేదు. ఆ పక్షులు బెదరితే గుడ్లనూ పిల్లలనూ విడిచి ఎగిరిపోతాయని వారికి తెలుసు. బెదరిన పులికి ఎగిరిపోయే దారి లేదు. కనుక దానిపట్ల మన మర్యాద మరింత ఎక్కువగా ఉండాలి.

కావున యాత్ర మానరాదు, పద్ధతి మార్చాలి. బయలుదేరే ముందు ఒక పాఠం జరగాలి. ఆవరణ ఎదుట కేకలు, రాళ్లు, తినుబండారాలు నిషిద్ధమని ప్రతి విద్యార్థి చేత మాట తీసుకోవాలి. జంతువుల పోషణకు విరాళం స్వీకరించే ఏర్పాటు ఈ జంతుశాలలలో ఉన్నది; యాత్రా రుసుములో కొంత తీసి, మన కళాశాల పేర ఒక పులికి ఒక్కనాటి ఆహారమైనా సమర్పించాలి. ఎవరి అన్నానికి మనం పూచీపడ్డామో వారిపై రాయి వేయడానికి చేయి రాదు.

మళ్లీ విశాఖ వెళ్లినప్పుడు ఆ పులి నిద్రిస్తూనే ఉండవచ్చు. దానిని నిద్రించనిచ్చి తిరిగి వచ్చిననాడు మన చదువుకు సార్థకత కలిగిందని మేము భావిస్తాము.