ఉమ్మడి సర్వరుపై పెర్ల్

1987లో లారీ వాల్ గారు వెలువరించిన పెర్ల్ భాష పాతబడినదనియు, తక్కువ అద్దెకు దొరకు ఉమ్మడి సర్వరుపై దానిని నడపుట వృథా ప్రయాస యనియు పలువురు చెప్పుచున్నారు. ఈ మాట మాకు సమ్మతము గాదు.

ఉమ్మడి సర్వరు అనేక కుటుంబములు కాపురముండు అద్దె యింటివంటిది. గోడకు మేకు కొట్టుటకైనను యజమాని సెలవు కావలెను. అచ్చట రూట్ అధికారము మనకుండదు. ఎల్లప్పుడు మేలుకొనియుండు ప్రోగ్రామును సాధారణముగా నడపనీయరు. మిగిలినది సీజీఐ పద్ధతి. ఇందు ప్రతి విన్నపమునకును పెర్ల్ క్రొత్తగా లేచి, మాడ్యూళ్లనన్నిటిని చదివి, జవాబిచ్చి ముగియును. ఆలస్యమే, కాని దినమునకు నూరుమంది చూచు పాఠశాల పుటకు ఆ యాలస్యమొక లెక్కయా?

అసలు చిక్కు మాడ్యూళ్లది. సీజీఐ మాడ్యూలును సైతము 2015లో వెలువడిన 5.22 కూర్పు మొదలుకొని పెర్ల్‌తో కలిపి యిచ్చుట మానిరి. అందులకై సర్వరువారిని బతిమాలనేల? లోకల్‌లిబ్ సాయమున మన హోమ్ డైరెక్టరీలోనే స్థాపించుకొనవచ్చును. సీ కంపైలరు లేనిచో కేవలము పెర్ల్‌లో వ్రాయబడిన మాడ్యూళ్లనే యేరుకొనవలెను.

ఇక 500 అను దోషము కనబడినప్పుడు విద్యార్థులు తొందరపడి ప్రోగ్రామును తిరుగవ్రాయరాదు. ముందుగా ఫైలు అనుమతులు 755గా నున్నవేమో చూడవలెను. మేమొకమారు రెండు దినములు వెదకి వెదకి, విండోస్‌లో వ్రాసిన ఫైలుయొక్క మొదటి పంక్తి చివర దాగిన యొక కంటికగపడని యక్షరమే కారణమని కనుగొంటిమి.