మన వీధికి వద్దు, మరి పొరుగువాని వీధికి?



గోవా రాజధాని పనజీలో మాండవి నది ఒడ్డున సాయంత్రం నిలబడితే, నీళ్ల మీద రంగుదీపాలతో కాసినో ఓడలు కనబడతాయి. వాటిని అక్కడి నుంచి తీసేయమని ఆ నగరవాసులు ఏళ్ల తరబడి అడుగుతున్నారు. ఇళ్ల పక్కన రాత్రంతా ఆగని వాహనాలు, ఇరుకైపోయిన ఒడ్డు, పాడవుతున్న నది, పిల్లల మీద పడే ప్రభావం వారి బాధ. ‘ఆమ్ ఔరత్ ఆద్మీ అగైనెస్ట్ గాంబ్లింగ్’ అనే పౌరవేదిక ఇందుకోసమే పుట్టింది. అక్కడి కతోలిక సంఘపు సామాజిక న్యాయ, శాంతి మండలి కూడా గొంతు కలిపింది. ప్రభుత్వాలు మారాయి. తరలిస్తామన్న మాటలు వచ్చాయి, గడువులు పెరిగాయి. ఓడలు మాత్రం నదిలోనే ఉన్నాయి.

భువనగిరిలో ఉన్న మనకు ఆ నది గొడవ ఎందుకని మీరు అడగవచ్చు. ఆ ఓడలెక్కేవారిలో మనవారూ ఉన్నారు గనుక అడుగుతున్నాం.

గోవాలో 1976 నాటి చట్టం జూదాన్ని నిషేధించింది. 1992లో ఆ చట్టాన్ని సవరించి ఫైవ్ స్టార్ హోటళ్లలో జూదపు యంత్రాలకు అనుమతి ఇచ్చారు. 1996లో ఓడలకూ ఇచ్చారు. ఆ తర్వాత జరిగినది మనం జాగ్రత్తగా గమనించాలి. 2020 ఫిబ్రవరి 1 నుంచి గోవా వాసులు కాసినోలో జూదం ఆడకూడదని ఆ ప్రభుత్వమే నిషేధం అమలులోకి తెచ్చింది. కాసినో ఆదాయం తీసుకుంటున్న రాష్ట్రమే తన బిడ్డలను దాని గుమ్మం తొక్కవద్దంటోంది. అది మంచిదైతే సొంత బిడ్డలకు ఎందుకు వద్దు? చెడ్డదైతే పొరుగు రాష్ట్రం బిడ్డలకు ఎందుకు పెడుతున్నారు?

ఆ ప్రశ్న గోవాను అడిగి ఊరుకుంటే సరిపోదు. మన రాష్ట్రంలో కాసినోలకు అనుమతి లేదు. 1974 నాటి గేమింగ్ చట్టం మనకుంది. అయినా 2021 అక్టోబరు చివర హైదరాబాద్ శివారులోని మంచిరేవుల ఫాంహౌస్‌లో పేకాట ఆడుతున్న 30 మందిని పోలీసులు పట్టుకున్నారు. 2022 జూలైలో, నగరం నుంచి జూదరులను విమానాల్లో నేపాల్ కాసినోలకు తీసుకెళ్లారన్న ఆరోపణలపై ఈడీ సోదాలు చేసింది. 2023 మేలో థాయిలాండ్‌లోని పటాయాలో ఒక హోటల్ మీద దాడి జరిగితే, దొరికినవారిలో 80 మందికి పైగా భారతీయులు, వారిలో చాలామంది మనవాళ్లు. వరంగల్ రోడ్డు పొడవునా ఇవాళ వెంచర్లు, ఫాంహౌస్‌లు, రిసార్టులు లేస్తున్నాయి. అన్నీ చెడ్డవని మేము అనడం లేదు. కానీ శివారు ఎటు జరిగితే ఆ అలవాట్లూ అటే జరుగుతాయని గుర్తుంచుకోవాలి.

కాసినోలవారి వాదనను కూడా న్యాయంగా వినాలి. వేలమందికి ఉద్యోగాలంటారు, ప్రభుత్వానికి పన్ను అంటారు. ఆ ఓడల మీద పళ్లేలు కడిగి ఇల్లు నడుపుకొనేవారూ మన సహోదరులే, వారి కూలిని మేము తేలికగా మాట్లాడం. అయితే అమెరికాలో రిచ్‌మండ్ నగరవాసులకు కూడా ఉద్యోగాల మాటే చెప్పారు. 2021 నవంబరులో కాసినో కావాలా వద్దా అని ఓటు పెడితే స్వల్ప తేడాతో వద్దన్నారు. 2023లో మళ్లీ అడిగారు, ప్రచారానికి కోటి డాలర్లకు పైగా ఖర్చుపెట్టారు. ఈసారి నూటికి 60 మందికి పైగా వద్దన్నారు.

ఫిలిప్పీ పట్టణంలో సోదె చెప్పే దాసిని మనం ఎరుగుదుము. ఆమెకు విడుదల కలిగినప్పుడు ఆమె యజమానులు సంతోషించలేదు. తమ రాబడి పోయిందని పౌలును, సీలను అధికారుల యొద్దకు ఈడ్చుకుపోయారు. అక్కడ మాత్రం రాబడి మాట ఎత్తలేదు, పట్టణ క్షేమం గురించి మాట్లాడారు. కాసినో సంగతిలోనూ ఊరి అభివృద్ధి అన్న మాట వినబడినప్పుడు, లాభం ఎవరికి, నష్టం ఎవరికి అని సంఘం అడగాలి. ధర్మరాజు జూదం కథ మన ఊళ్లలో ఎవరికి తెలియదు? ఆడింది ఆయన, సభలోకి ఈడ్వబడింది ఆడని ఇల్లాలు.

ఇప్పుడు మన ఇంటి మాట. వీధి చివర కాసినో కడతామంటే మనమందరం లేచి అడ్డుపడతాం. అదే కాసినో పిల్లవాడి ఫోనులో తెరుచుకుంటే మనకు తెలియనైనా తెలియదు. కొంతకాలం క్రితం ఒక తల్లి ప్రార్థనకు మా దగ్గరికి వచ్చింది. కూతురి పెళ్లికని కట్టిన చిట్టీ డబ్బు, పొదుపు సంఘంలో తీసుకున్న అప్పు, రెండూ కొడుకు ఐపీఎల్ రోజుల్లో బెట్టింగ్ యాప్‌లో పోగొట్టాడు. ఆమె మమ్మల్ని అడిగింది ఒక్కటే: ‘‘సంఘంలో మాత్రం చెప్పకండి అయ్యగారూ.’’ ఆ మాట మమ్మల్ని ఇంకా వెంటాడుతోంది. నష్టపోయిన కుటుంబం మొదట దాక్కోవలసి వచ్చింది మన దగ్గరేనా?

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2017లోనే తెలంగాణ నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా చట్టం చేసింది. అటువంటి ఆటలు నడిపేవారికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. ఏటా 45 కోట్లమంది దాదాపు 20,000 కోట్ల రూపాయలు పోగొట్టుకుంటున్నారన్నది ప్రభుత్వం చెప్పిన అంచనా. చట్టం అవసరమే, కానీ రాత్రి ఒంటిగంటకు దుప్పటి కింద వెలిగే ఫోను దాకా చట్టం ఒక్కటే చేరలేదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చుకుంటున్న పేద స్త్రీలు తమ ఊళ్లో సారా దుకాణం వద్దన్నారు. అంతటితో ఆగి ఉంటే దుకాణం పక్క ఊరికి పోయేది. ఆ మాట ఊరూరా పాకింది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. పనజీవాసుల పోరాటం నుంచి, ఆ తల్లుల పోరాటం నుంచి మనం నేర్చుకోవలసింది ఇదే. నన్నువలె నా పొరుగువానిని ప్రేమించాలంటే, నా వీధికి వద్దనుకున్నది అతని వీధికీ వద్దని చెప్పాలి.

సంఘ కాపరులకు, పెద్దలకు మా మనవి. యౌవనస్థుల కూడికలో బెట్టింగ్ గురించి పేరుపెట్టి మాట్లాడండి. సరదా ట్రిప్పు అని గోవాకు బయలుదేరే మన అన్నదమ్ములను ప్రేమతో అడగండి. సంఘ వార్షికోత్సవాల్లో టికెట్లు అమ్మి లక్కీ డ్రా తీసే అలవాటు ఉంటే ఈ ఏడు నుంచి మానేద్దాం. మోసపోయినవారికి సైబర్ నేరాల నంబరు 1930ని, మనసు కుంగినవారికి 14416ను చెప్పండి. అప్పులో మునిగిన కుటుంబం పక్కన కూర్చుని లెక్క రాసి, తీర్చే దారి వెదికే ఇద్దరు నమ్మకమైన పెద్దలను ప్రతి సంఘమూ ఏర్పరచుకోవాలి.

సిలువ క్రింద చీట్లు వేసుకున్న సైనికులు తలెత్తి పైకి చూడలేదు. మన పక్కన నష్టపోతున్నవానిని మనం చూడకుండా ఉండకూడదు. ఇక మీదట అటువంటి తల్లి వస్తే, సంఘంలో చెప్పవద్దని అడగవలసిన అవసరం ఆమెకు లేకుండా చేద్దాం. ఆ కృప ప్రభువు మనకు దయచేయును గాక.